రెండో రక్తం

"ఏ పనీ చెయ్యదండీ. ఇంట్లోనే ఉంటుంది."

పెద్దాసుపత్రిలో చీటీలు రాసే అమ్మాయి కిటికీలోంచి "పేషెంటు ఏం పని చేస్తారు?" అని అడిగితే, పేషెంటు మొగుడు చెప్పిన జవాబు అది. పేషెంటు అక్కడే ఉంది. చక్రాల కుర్చీలో, పగిలిపోతున్న తలని రెండు చేతులతో పట్టుకుని కూర్చుని ఉంది. ఆమెకీ నోరుంది. కానీ ఆమెని అడిగినవాటికి జవాబు ఎప్పుడూ ఆయన దగ్గరే తయారుగా ఉంటుంది. చీటీ అమ్మాయి తలెత్తకుండానే పని అని ఉన్న గడిలో ఒక అడ్డగీత గీసి, తర్వాతి గడిలోకి వెళ్ళిపోయింది.

ఆ గీతని ఆమె చూసింది. తొమ్మిది రోజుల జ్వరంలో గోడ మీది గడియారం రెండుగా కనపడుతోంది, ఎదురుగా ఉన్న మనుషులు నీళ్ళలో ఉన్నట్టు కదులుతున్నారు. ఆ గీత మాత్రం చక్కగా, తిన్నగా కనపడింది. పెళ్ళైన ఈ పంతొమ్మిదేళ్ళూ అంత చిన్న గీతలో ఇమిడిపోయాయి.

ఆయనది గింజల వ్యాపారం. వీధి వైపు దుకాణం, దాని వెనక గోడౌన్, గోడౌన్ వెనక ఇల్లు. గోడౌన్‌కి రెండు దారులు. వీధి వైపు పెద్ద షట్టరు, లారీలు వచ్చేది, మగవాళ్ళు బూట్లతో నడిచేది. వంటింటి వైపు చిన్న చెక్క తలుపు, ఆడవాళ్ళు చీపురు పట్టుకుని దూరేది. చిన్న తలుపులోంచి వెళ్ళేవాళ్ళు చెప్పులు బయటే విడవాలి. "చెప్పుల మట్టి గింజల్లో పడితే ఎవడు కొంటాడు?" అని ఆయన పెళ్ళైన కొత్తలోనే చెప్పాడు. షట్టరులోంచి వచ్చే బూట్ల మట్టి ఎందుకు పడదో ఆమె అప్పుడు అడగలేదు. అప్పుడు అడగనిది ఇక అడగడానికి వీలు లేకుండా పోయింది. పొద్దున వంట దించి, అందరికీ పెట్టి, గిన్నెలు తోమి ఆ తలుపులోకి వెళితే, ఒలికిన గింజలు ఊడ్చి, చేటలో చెరిగి, చిరిగిన బస్తాలు దబ్బనంతో కుట్టి, మూలల్లో బూజు దులిపి వచ్చేసరికి మధ్యాహ్నం వంట వేళయ్యేది. సాయంత్రం ఇంకోసారి. ఇదంతా చేసి వచ్చిన మనిషిని పట్టుకుని ఇంటికొచ్చిన చుట్టాలు "ఖాళీగా ఉంటే పొద్దెలా గడుస్తుందమ్మా నీకు?" అని అడిగేవాళ్ళు. ఆమె నవ్వేది. ఆ నవ్వులు తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతోంది, జ్వరం వల్ల కాదు.

నెల కిందట గోడౌన్‌లో ఎలుకలు మితిమీరాయి. కొరికిన బస్తా ఒకటి కొన్నవాళ్ళ దగ్గర్నుంచి తిరిగొచ్చేసరికి ఆయనకి పౌరుషం పొడుచుకొచ్చి, మూలమూలకీ ఎలుకల మందు పెట్టించాడు. నాలుగో రోజుకి కంపు మొదలైంది. ఆయన ముక్కుకి రుమాలు కట్టుకుని షట్టరు దగ్గర దాకా వెళ్ళి, వెనక్కి తిరిగొచ్చాడు. "నాకు వాంతొచ్చేట్టుంది. నువ్వు వెళ్ళి తీసెయ్. నీకు అలవాటేగా" అన్నాడు. చచ్చిన ఎలుకలు తీయడం ఆమెకి ఎప్పుడు అలవాటైందో ఆయనకే తెలియాలి.

బస్తాల సందుల్లో చెయ్యి పెట్టి, తోకలు పట్టుకుని లాగి, రేకు బకెట్లో వేసింది. ముప్పై ఒకటి. రెండు బకెట్లు నిండాయి. అలా లాగుతున్నప్పుడే, కాళ్ళ మీద ఎవరో వేడి ఇసక చల్లినట్టయింది. వంగి చూస్తే నువ్వుగింజంత నల్లటి పురుగులు. వేలితో పట్టుకోబోతే గెంతి ఇంకోచోట వాలుతున్నాయి. చీలమండల నుంచి పిక్కల దాకా ఎర్రగా దద్దుర్లు లేచాయి. రెండు రోజులు నెత్తురొచ్చేట్టు గోక్కుంది. ఆయనతో అంటే, "పంతొమ్మిదేళ్ళూ కుట్టని దోమలు ఇప్పుడు కుట్టాయా?" అని నవ్వాడు.

తర్వాత పది రోజులకి జ్వరం వచ్చింది. వచ్చినప్పుడే తలలో సుత్తి పెట్టి కొట్టినట్టు వచ్చింది.

"ఎండలో తిరిగావా, వానలో తడిశావా? ఇంట్లో కూర్చున్న మనిషికి జ్వరం ఎక్కడిది?" అన్నాడు ఆయన.

"గోడౌన్ ఊడవాల్సినప్పుడే వస్తాయమ్మా జ్వరాలు. టీవీ ముందు కూర్చున్నప్పుడు ఒక్కటీ రాదు" అంది అత్తగారు, అటు తిరిగి.

వీధి చివర డాక్టరు నోట్లో థర్మామీటరు పెట్టి, ఆయనతో మాట్లాడి, ఆయన చేతికి మందులిచ్చాడు. మూడు రోజులకోసారి మందు మార్చాడు. జ్వరం మారలేదు. ఐదో రోజు ఒళ్ళు తుడుచుకుంటూ చూసుకుంటే పొట్ట మీదా ఛాతీ మీదా సన్నటి ఎర్రటి మచ్చలు. చేతుల మీద లేవు, ముఖం మీద లేవు, బట్ట కప్పిన చోటే ఉన్నాయి. ఆయనకి చెప్పింది. "వేడి చేసుంటుంది. చన్నీళ్ళు పోసుకో" అన్నాడు. డాక్టరుకి చెప్పమంటే, "పొట్ట మీద మచ్చలని నేనెలా చెప్పను ఆయనకి?" అన్నాడు. అలా ఆ మచ్చలు నాలుగు రోజులు బట్టల కిందే ఉండిపోయాయి. తొమ్మిదో రోజు ఆమె వంటింట్లో స్టవ్ ముందు కూలిపోయింది. చప్పుడుకి పరిగెత్తుకొచ్చిన అత్తగారు ముందు స్టవ్ ఆపి, తర్వాత ఆమె పక్కన కూర్చుని కేకలు పెట్టింది. పాలు పొంగిపోకుండా చూసుకుందని ఆమెకి తోటికోడలు తర్వాత చెప్పింది.

పెద్దాసుపత్రి డాక్టరమ్మకి యాభై ఏళ్ళుంటాయి. మెళ్ళో కళ్ళజోడు వేలాడుతుంటుంది, మాటల్లో తొందర. బయట ఇంకా నలభై మంది ఉన్నారు మరి. చీటీలో గీత చూసి, "ఏ పనీ లేదా?" అని తనూ ఆయన్నే అడిగింది. "ఇల్లు కదలదండీ" అన్నాడు ఆయన, ఏదో మంచి గుణం చెప్పినట్టు.

కానీ ఆవిడ తెర లాగి, ఒళ్ళంతా చూసింది. తొమ్మిది రోజుల్లో చూసిన మొదటి మనిషి ఆవిడ. మచ్చల మీద వేలు నొక్కింది. అరచేతులు తిప్పి చూసింది. పాదాలు చూసి, పిక్కల మీద మానిన గోళ్ళ గీతల దగ్గర ఆగింది.

"ఏం కుట్టింది ఇక్కడ?"

"దోమలండీ" అన్నాడు ఆయన తెర అవతలి నుంచి.

"ఇంట్లో పిల్లులున్నాయా? కుక్కలు? ఎలుకలు?"

"ఎలుకలా? భలేవారే! మాది గింజల వ్యాపారమండీ. ఒక్క ఎలుక కనపడితే మేమే ఊరుకోం."

ఆమె కళ్ళు తెరిచి తెర వైపు చూసింది. ముప్పై ఒక్క తోకలు ఆమె వేళ్ళ మధ్య ఇంకా జారుతున్నట్టే ఉన్నాయి. చెప్పాలి. నాలుక అంగిలికి అతుక్కుపోయింది. కానీ నాలుక మీద నెపం వెయ్యడం ఎందుకు? ఎలుకలున్నాయని తెలిస్తే ఆరోగ్య శాఖ వాళ్ళు వస్తారని, దుకాణానికి సీలు వేస్తారని ఆయన దారి పొడుగునా ఆమె చెవిలో పోస్తూనే వచ్చాడు. "నోరు జారకు" అన్నాడు. చచ్చిపోకు అని మాత్రం అనలేదు. అయినా ఆమె నోరు జారలేదు. పంతొమ్మిదేళ్ళ అలవాటు, జ్వరం కన్నా గట్టిది.

డాక్టరమ్మ రక్తం తీయించి, మంచం ఇప్పించి, "ఏదో కుట్టి వచ్చిన జ్వరంలాగే ఉంది. ఎక్కడ కుట్టిందో తెలిస్తే సగం పని అయిపోయేది" అని గొణుక్కుంటూ వెళ్ళింది.

మర్నాడు పొద్దున తోటికోడలు క్యారేజీ పట్టుకుని వచ్చింది. ఐదో నెల. మంచం అంచున కూర్చుని, క్యారేజీ విప్పుతూ, "గంజి తెచ్చానక్కా, రెండు గుక్కలైనా తాగు. ఇంట్లో అందరూ నిన్ను తెగ తలుచుకుంటున్నారు" అంది.

"నన్నా?"

"మరి? బావగారు చొక్కా బొత్తాం ఊడినప్పుడు తలుచుకున్నారు. అత్తయ్య పాలు తోడేసేటప్పుడు తలుచుకుంది. మీ మరిదైతే సాక్సు కనపడనప్పుడల్లా తలుచుకుంటున్నాడు."

ఇద్దరూ నవ్వారు. ఆమెకి నవ్వితే తల నొప్పెట్టింది. నవ్వుతూనే చూసింది, తోటికోడలు ఎడమ కాలి మడమతో కుడి కాలి పిక్కని రుద్దుకుంటోంది. ఆగి, మళ్ళీ రుద్దుకుంటోంది.

"ఏమైందే కాళ్ళకి?"

"గోడౌన్ దోమలక్కా, చంపేస్తున్నాయి. నీ పని నాకు పడిందిగా. సందుల్లో ఇంకో నాలుగు ఎలుకలు మిగిలాయని బావగారు నిన్నే తీయించారు. అవేం దోమలో, పట్టుకోబోతే గెంతుతాయి."

ఆమె లేచి కూర్చుంది. నిన్నటి నుంచి ఎవరైనా పట్టుకుంటేనే లేస్తున్న మనిషి తనంతట తానే లేచి, తోటికోడలి పాదం తన ఒళ్ళోకి లాక్కుని చూసింది. అవే దద్దుర్లు. చీలమండల నుంచి పిక్కల దాకా. తన కాళ్ళు తను చూసుకుంటున్నట్టే ఉంది. తన మచ్చలు బట్టల కింద దాగినప్పుడు లేని కోపం, తన గురించి గీత గీసినప్పుడు నోటి దాకా వచ్చి ఆగిన కోపం, ఈ రెండు చిన్న కాళ్ళని చూడగానే కట్ట తెంచుకుంది. తను నోరు మూసుకున్నది ఒక్క పూట. ఆ పూటలోనే ఈ పిల్ల ఆ తలుపులోకి చెప్పులు విడిచి వెళ్ళింది, కడుపులో బిడ్డతో.

డాక్టరమ్మ రౌండుకి వచ్చేసరికి ఆయన కూడా వచ్చి మంచం కాళ్ళ వైపు నిలబడి ఉన్నాడు.

"డాక్టరుగారూ, నిన్న చెప్పింది తప్పు. ఎలుకలున్నాయి" అంది ఆమె.

వార్డులో పక్క మంచం మనిషి కూడా తల తిప్పింది.

"ముప్పై ఒకటి. మందు పెడితే చచ్చాయి. నేనే తీశాను, చేత్తో. చెప్పుల్లేకుండా. అప్పుడే కుట్టాయి, నల్లటి పురుగులు, గెంతేవి. ఇదిగో, ఈ పిల్లకీ కుట్టాయి నిన్న."

ఆయన నవ్వబోయాడు. "జ్వరం కదండీ. ఏదో పలవరిస్తోంది."

"ముప్పై ఒకటని లెక్కపెట్టి చెప్పేది పలవరింత కాదండీ" అంది డాక్టరమ్మ. కళ్ళజోడు పెట్టుకుంది. "మీరు కాస్త బయట నిలబడండి."

ఆయన బయటికి వెళ్ళాక ఆవిడ మంచం అంచున కూర్చుంది. ఈసారి మాటల్లో తొందర లేదు. ఎలుకల ఒంటి మీద ఆ పురుగులు బతుకుతాయంది. ఎలుక చచ్చి చల్లబడితే ఇంకో వెచ్చటి ఒళ్ళు వెతుక్కుంటాయి. ముందు పురుగుల్ని చంపి తర్వాత ఎలుకల్ని చంపాలి, మీవాళ్ళు తిరగేసి చేశారంది. అవి కుట్టిన చోట రెట్ట వేస్తాయి, మనం గోక్కుంటే అదే చర్మంలోకి దిగుతుంది, అందులో ఉంటుంది జ్వరం. "టైఫస్ అంటారు. వారం పది రోజులకి బయటపడుతుంది. పరీక్ష ఫలితం కోసం ఆగితే ఆలస్యమవుతుంది. ఇప్పుడే మందు మొదలుపెడతాను."

తోటికోడల్ని దగ్గరికి పిలిచి, సబ్బుతో కాళ్ళు కడిగించి, "గోక్కోకు. ఆ గోడౌన్లో అడుగు పెట్టకు. రెండు వారాల్లో కాస్త ఒళ్ళు వెచ్చబడినా, తలనొప్పి వచ్చినా సూటిగా నా దగ్గరికి రా. గర్భంతో ఉన్నావు, మీ అక్కకిచ్చే మందు నీకు పనికిరాదు. వేరేది చూడాలి. అందుకే ఆలస్యం చెయ్యకు" అంది. లేస్తూ లేస్తూ ఆగి, ఆమె వైపు తిరిగింది. "నిన్న నేను కూడా ఆయన్నే అడిగాను. నిన్ను అడగాల్సింది."

ఆ మాట మందు కన్నా ముందు పనిచేసింది.

మూడో రోజుకి జ్వరం దిగింది. ఆ రోజే మొదటి రక్తం తాలూకు కాగితం వచ్చింది. ఆయన దాన్ని ఊపుకుంటూ వార్డులోకి వచ్చాడు. "చూశావా? ఏమీ లేదని వచ్చింది. టైఫస్సూ లేదు, ఏమీ లేదు. ఊరికే ఇంటి పరువు వార్డులో పెట్టావు."

డాక్టరమ్మ ఆ కాగితం ఆయన చేతిలోంచి తీసుకుని ఆమెకే చెప్పింది. "మొదట్లో తీసిన రక్తంలో తరచూ ఏమీ కనపడదమ్మా. ఒంటికి సాక్ష్యం తయారు చేసుకోవడానికి టైం పడుతుంది. మూడు వారాలాగి ఇంకోసారి రక్తం ఇవ్వాలి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, రెండోది నాలుగు రెట్లో అంతకన్నా ఎక్కువో పెరిగితే అప్పుడు ఖాయం. అప్పుడే నేను ఆరోగ్య శాఖకి రాయగలను, వాళ్ళు గోడౌన్‌కి రాగలరు. చాలామంది జ్వరం తగ్గాక రారు. నువ్వు రా."

ఇంటికి రాగానే ఆమె చేసిన మొదటి పని, వంటింటి వైపు చిన్న తలుపుకి తాళం వేయడం. తాళంచెవి దిండు గలీబులో పెట్టుకుంది.

"తాళం తియ్. గింజలు కాళ్ళ కింద నలుగుతున్నాయి" అన్నాడు ఆయన వారం తర్వాత.

"షట్టరు ఉందిగా."

"అటు నుంచి లోడింగు వాళ్ళ మధ్యలోంచి ఆడవాళ్ళు వస్తే బావుంటుందా?"

"బావుండదు. అందుకే రావడం లేదు."

"కాగితంలో లేదని తేలిపోయింది. ఇంకా ఏమిటీ మొండితనం?"

"ఒక కాగితమే వచ్చింది. ఇంకోటి రావాలి."

అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. "ఇంటి పని చెయ్యడానికి ఇంత రాద్ధాంతమా? మేం చెయ్యలేదా?" అంది.

"చేశారత్తయ్యా. మీ రోజుల్లో ఎవరికీ జ్వరాలు రాలేదా?"

మామూలు ప్రశ్నే. ఎదురు మాటకి ఎదురు మాట. కానీ అత్తగారు లోపలికి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం ఆయన దుకాణంలోకి వెళ్ళాక వచ్చి, ఆమె పక్కన కూర్చుని, చాలాసేపు కొంగు మడతలు సరిచేసుకుంది.

"నాకో తోటికోడలుండేది. నాకన్నా చిన్నది. పదకొండు రోజుల జ్వరం. ఇంట్లో కూర్చున్నదానికి జ్వరం ఎక్కడిదన్నారు మీ మామగారు. నేనూ అవునన్నాను." అంత వరకే చెప్పింది. లేచి, తన చెప్పులు తెచ్చి, చిన్నకోడలు కూర్చున్న చోట, కాళ్ళ దగ్గర పెట్టింది. తాళం సంగతి ఆవిడ మళ్ళీ ఎత్తలేదు.

డాక్టరమ్మ చెప్పిన రెండు వారాలు గడిచేదాకా పొద్దున్నే లేవగానే ఆమె తోటికోడలి నుదుటి మీద చెయ్యి వేసి చూసేది. తోటికోడలు కళ్ళు తెరవకుండానే "చల్లగానే ఉన్నానక్కా, పడుకోనీ" అనేది. పదిహేనో రోజున కూడా చల్లగానే ఉంది. ఆ రోజు ఆమె స్నానాల గదిలో కుళాయి తిప్పి, చప్పుడు వినపడకుండా ఏడ్చింది.

మూడు వారాలకి చెప్పులేసుకుంటుంటే ఆయన దుకాణంలోంచి తొంగి చూశాడు. "తగ్గిపోయిన జ్వరానికి రక్తం ఇస్తావా? ఎవరైనా వింటే నవ్వుతారు."

"నవ్వనివ్వండి" అని బస్సెక్కింది. ఆమె ఒంటరిగా బస్సెక్కి చాలా ఏళ్ళయింది. టిక్కెట్టు ఎక్కడికని అడిగితే గట్టిగా చెప్పింది.

రక్తం ఇచ్చింది. ఐదు రోజులకి ఫలితం కోసం మళ్ళీ ఒంటరిగానే వెళ్ళింది. డాక్టరమ్మ రెండు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టింది. మొదటి దాంట్లో అంకె లెక్కలోకి రానంత చిన్నది. రెండో దాంట్లో పెరిగింది. నాలుగు రెట్లు కాదు, పదహారు రెట్లు. డాక్టరమ్మ ఆ అంకె కింద పెన్నుతో గీత గీసింది. ఇది వేరే గీత. ఆమె ఆ గీతనీ చూసింది.

"పరీక్ష చెప్పే లోపే నువ్వు చెప్పావు. కాగితం నీ వెనకాల వచ్చింది" అంది డాక్టరమ్మ. "కిటికీ దగ్గరికి వెళ్ళి ఆరోగ్య శాఖ ఫారం రాయించు. జ్వరం ఎక్కడ అంటుకుందో నువ్వే చెప్పు."

కిటికీలో అదే అమ్మాయి. పాత చీటీ బయటికి తీసింది. పని గడిలో అడ్డగీత అలాగే ఉంది.

"మార్పులేమైనా ఉన్నాయామ్మా?"

"ఉన్నాయి. ఆ గీత తీసెయ్యండి. గోడౌన్ పని అని రాయండి."

"ఎన్నాళ్ళ నుంచి?"

"పంతొమ్మిదేళ్ళు."

"జీతమా, రోజు కూలీనా?"

"రెండూ కాదు."

ఆ అమ్మాయి మొదటిసారి తలెత్తి ఆమె ముఖం చూసింది. మళ్ళీ తల వంచి రాసుకుంది. "పని ఎవరి దగ్గర? వాళ్ళకి నోటీసు వెళుతుంది."

యజమాని పేరు చెప్పింది ఆమె. తడుముకోలేదు. ఆ అమ్మాయి రాసి, పైన ఉన్న గడులతో ఒకసారి సరిచూసుకుని, పెన్ను ఆపింది.

"అమ్మా, ఇదే పేరు భర్త గడిలో కూడా ఉంది. ఒకచోట పొరపాటు పడ్డట్టుంది. ఏది కొట్టెయ్యమంటారు?"

ఆమె కిటికీ చువ్వల మీద చెయ్యి పెట్టి, ఆ రెండు గడుల్నీ కొంచెంసేపు చూసింది.

"పని గడిలోది ఉండనివ్వండి" అంది.